కల్లం గదిలోని పన్నెండో క్యాసెట్టు

పార్థివ నామ సంవత్సరం మాఘమాసంలో, అనగా 2006వ సంవత్సరం ఫిబ్రవరి నెల 17వ తేదీ శుక్రవారం నాడు, గుంటూరు జిల్లా సత్తెనపల్లి మండలం కొమ్మెరపాడు గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు తాళ్ళూరి ఆదెయ్య గారి భార్య, అరవై ఎనిమిదేళ్ళ వయసు గల తాళ్ళూరి గురవమ్మ అను నేను, నా కల్లం గదిలో నులక మంచం మీద కూర్చుని, నోటితో చెప్పి వ్రాయించిన వీలునామా.

నాకు చదువు రాదు. మతి ఉంది. గుంటూరు డాక్టరు నాకు గుండె పెరిగిందన్నాడు గాని తల గురించి ఏమీ అనలేదు. మొన్న ఏరిన మిరపకాయలో తాలు ఎంత పోయిందో, ఏ కూలీ ఎన్ని గంటలకి వచ్చిందో ఇప్పుడు అడిగినా చెప్పగలను. దీన్ని రాయించమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. నన్ను బలవంతపెట్టగల మనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఈ ముక్క తీసేద్దామా అని, దీన్ని రాస్తున్న దస్తావేజు లేఖరి రాధాకృష్ణమూర్తి గారు అడిగారు. ఉంచండి అన్నాను.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయించలేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది. నా పెద్దకొడుకు కోటేష్ మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయిన రోజు చూసి రాయిస్తున్నాను. వాడంటే భయం కాదు. వాడు ఎదురుగా ఉంటే ఈ అయిదేళ్ళూ చెప్పలేకపోయినట్టే ఇవాళ కూడా చెప్పలేను. నా ఆస్తి కొంచెమే. చెప్పవలసిన నిజం ఒకటి ఉంది. ఆస్తి కోసమైనా అందరూ చివరిదాకా వింటారని రెండింటినీ ఒకే కాగితంలో కట్టి పెడుతున్నాను. చదివేటప్పుడు మధ్యలో ఎవరూ లేచి వెళ్ళకూడదు.

1. నాకు పుట్టినవాళ్ళలో పెరిగి పెద్దవాళ్ళయినవాళ్ళు ఇద్దరు. పెద్దవాడు కోటేష్, వ్యవసాయం. చిన్నవాడు శ్రీకృష్ణ, ఇక నాకు కాన్పు లేదనుకున్నాక, అన్నకి పన్నెండేళ్ళ ఎడంలో పుట్టాడు. 2001వ సంవత్సరం ఏప్రిల్ నెలలో, తన ఇరవై ఏడో ఏట, పెళ్ళి కాకుండానే పోయాడు. ఎందుకు పోయాడో ఊరంతా ఒక మాట చెప్పుకుంటోంది. అసలు సంగతి ఆరో అంశంలో ఉంది.

2. మా నాన్న నాకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ఎకరం ఇరవై సెంట్ల నల్లరేగడి భూమి, సర్వహక్కులతో, నా తదనంతరం కోటేష్‌కి చెందాలి. దీనికి షరతులు ఏమీ లేవు. వాడు నాకు కంచం పెట్టకుండా తను తిన్న రోజు లేదు. గుంటూరు ఆసుపత్రిలో నేను పడుకున్న తొమ్మిది రోజులూ వాడు వరండాలో గచ్చు మీద పడుకున్నాడు. వాడి నోరు చెడ్డది. అది నా నోరే. ఆ లెక్కన నేను వాణ్ణి ఏమీ అనటానికి లేదు.

భూమికి ఆనుకుని ఉన్న ముప్పై సెంట్ల కల్లం దొడ్డి, అందులోని పెంకుల గది కూడా నావే. వాటి సంగతి తొమ్మిదో అంశంలో.

3. నా రాళ్ళ కమ్మలు, ముక్కుపుడక, కోటేష్ కూతురు చిరంజీవి శ్రీరమ్యకి. మైనారిటీ తీరేదాకా తల్లి దగ్గర ఉంచాలని మూర్తిగారు రాయమంటున్నారు, సరే. అయితే పెళ్ళి కోసమని బీరువాలో దాచకూడదు. కమ్మలు రేపే పెట్టుకోవాలి. ఆ పిల్ల అన్నానికి కూర్చుంటే కంచం అంచు మీద గరిటెతో దరువు వేస్తుంది. కోటేష్ గరిటె లాక్కుని, “ఆడపిల్లవి, ఏంటే ఆ చప్పుడు, మీ బాబాయి పూనాడా?” అంటాడు. ఆ పిల్ల బల్ల కింద కాలితో మిగతాది కొడుతుంది. నేను చూశాను. అందుకే కమ్మలతో పాటు అయిదో అంశంలో ఒక సినిమా కూడా రాస్తున్నాను.

4. ఈ గది సంగతి. శ్రీకృష్ణ గుంటూరులో డిగ్రీ చదివి, 1997లో ఇంటికి వచ్చేశాడు. వస్తూ ఒక పాత టీవీ, వీడియో డెక్కు, ఒక గిటారు, చెక్కపెట్టెలో పదకొండు క్యాసెట్లు తెచ్చాడు. ఇంట్లో పెట్టనివ్వనని కోటేష్ అన్నాడు. కల్లం నాది, కాయకి కాపలా పడుకునే గదిలో పెట్టుకోరా అని నేనన్నాను. ఆ పదకొండూ తెల్లవాళ్ళ సినిమాలు. అన్నిట్లోనూ గిటార్లు, డ్రమ్ములు, నడుం దాకా జుట్టు పెంచిన మగవాళ్ళు, గొంతు చించుకునే పాటలు. రాక్ అంటారట. ఇంకా మోత ఎక్కువైతే హెవీ మెటల్ అంటారట. ఆ రెండు మాటలూ నాకు నోరు తిరిగేదాకా శ్రీకృష్ణ నాచేత పలికించి, పలికినప్పుడల్లా పడీపడీ నవ్వాడు.

కరెంటు మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. కల్లంలో కాయ తిరగేసి, చేతులూ కాళ్ళూ కడుక్కుని వచ్చి కూర్చునేదాన్ని. ఎంత కడిగినా చేతుల మంట పోదు. ఆ మంటతోనే చూసేదాన్ని. మొదటి రోజుల్లో ఆ మోత భరించలేక మా చేలో పత్తి తెంపి చెవుల్లో కుక్కుకున్నాను. నెలలోపే పత్తి తీసేశాను. ఎందుకని శ్రీకృష్ణ అడిగితే అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాయిస్తున్నాను. నా పిల్లలు ముగ్గురు పురిట్లోనే పోయారు. ప్రతిసారీ మూడో రోజుకే, ఊరుకో గురవమ్మా, పాలు మళ్ళించుకో, పొలం పని చూసుకో అన్నారు. ఊరుకున్నాను. ఆ సినిమాల్లో వాళ్ళు ఊరుకోలేదు. పదిమంది ముందు నిలబడి, ఎవరేమనుకుంటారో అని చూడకుండా, కడుపులోది అంతా అరిచి బయటికి తోసేశారు. అలా చేయొచ్చని అరవై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

నాతో పాటు చూసినవాడు జోసఫ్. మా ఊరికి ఎడంగా ఉన్న మాలపల్లెలో ఉంటాడు, శ్రీకృష్ణతో హైస్కూల్లో చదివాడు, పత్తి మిల్లులో పని, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. మిషను బడిలో మొదలుపెట్టిన చదువు కాబట్టి ఇంగ్లీషు బాగా తెలుసు. సినిమాలో వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు తెలుగులో చెప్పింది ఇతనే. మొదటి రోజు గడప మీద కూర్చుని చెప్పాడు. “గాలి రాకుండా అడ్డం కూర్చుంటే ఎట్టారా, లోపలికి రా” అన్నాను. వచ్చాడు. అమ్మగారూ అనటం మాని పెద్దమ్మా అనటానికి ఇంకో నెల పట్టింది.

5. ఆ పదకొండింట్లో నాకు ఇష్టమైనవి నాలుగు. పేర్లు నేను చదవలేను గనక, బస్తాలకి పెట్టినట్టు, వాటి వీపున సున్నంతో చుక్కలు పెట్టుకున్నాను. మూర్తిగారు కలం కింద పెట్టి, సినిమా కథలు వీలునామాలో ఎట్లా రాస్తామమ్మా అన్నారు. నా ఆస్తిలో ఎక్కువ భాగం ఇదేనండి అన్నాను. రాస్తున్నారు.

అ) ఒక చుక్క సినిమా. ఇనుప ఫ్యాక్టరీలో నలుగురు కుర్రాళ్ళు. పొద్దుటి నుంచి సుత్తి దెబ్బలు విని విని, పని దిగాక కూడా వాళ్ళ చేతులు ఆగవు. రేకుల మీద, పీపాల మీద కొట్టి పాట కడతారు. ఆ పాటకి పేరొచ్చే వేళకి ఫ్యాక్టరీ మూతపడుతుంది. చివర్లో ఖాళీ ఫ్యాక్టరీలోకి వెళ్ళి, ఆగిపోయిన యంత్రాల మధ్య ఒక్కసారి వాయించి తలుపు వేసి వస్తారు. ఇది శ్రీరమ్యకి. టేపు లేదు, కథే ఉంది. కంచం మీద కొట్టినా పాటేనని ఎవరైనా కాదంటే ఈ కాగితం చూపించు తల్లీ.

ఆ) మూడు చుక్కల సినిమా. పెద్ద మైదానంలో కచేరీ, వాన, మోకాలి లోతు బురద. సగంలో కరెంటు పోతుంది. గిటార్లు మూగబోతాయి. ఒక్కరూ ఇంటికి పోరు. వానలో నిలబడి జనమే ఆ పాట పాడతారు, పాడాల్సినవాళ్ళు వింటారు. మా గదిలో కూడా సరిగ్గా అక్కడే రెండుసార్లు కరెంటు పోయింది. ఇది సత్తెనపల్లిలో రేడియోలు, టీవీలు బాగుచేసే మీరావలికి. మా డెక్కు ఎన్నిసార్లు మొరాయించినా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు ఆ సినిమా పెట్టమని కూర్చునేవాడు.

ఇ) అయిదు చుక్కల సినిమా. ఒకప్పుడు గొప్పగా పాడినాయనకి గొంతు పోతుంది. ముసలితనంలో తను పాడిన హాలుకే గేటు దగ్గర కాపలాదారుగా కుదురుతాడు. కొత్తవాళ్ళు పాడటానికి వస్తుంటారు, టిక్కెట్టు చించి లోపలికి పంపుతుంటాడు. ఆయన పాటే ఒకరోజు లోపల ఎవరో పాడతారు. ఆయన గేటు వదిలి రాడు, రాకూడదు గనక. ఎవరూ గుర్తుపట్టరు. సినిమా అయిపోయేదాకా గుర్తుపట్టరు. “ఇదేం సినిమారా, చివర్లోనైనా ఎవడో ఒకడు పలకరించాలిగా” అని నేను తిడితే, “అలా జరగలేదేమో పెద్దమ్మా” అన్నాడు జోసఫ్. ఇది రాధాకృష్ణమూర్తి గారికి. నలభై ఏళ్ళుగా ఊరందరి దస్తావేజులూ రాశారు, ఒక్కదానిలోనూ ఆయన మాట లేదు. వద్దమ్మా అన్నారు. రాయించాను.

ఈ) ఏడు చుక్కల సినిమా. ఇది ఎవరికని ఇక్కడ చెప్పను. ఒక తల్లి, బట్టలు ఇస్త్రీ చేసి బతుకుతుంది. కొడుకు కళ్ళకి నల్లరంగు పూసుకుని మోత మోగిస్తాడు. ఇంట్లో ఆ చప్పుడు వద్దంటుంది. ఇల్లు వదిలిపోతాడు. చాలా ఏళ్ళకి వాడి కచేరీ ఆ ఊరికే వస్తుంది. ఆమె చెవుల్లో పత్తి పెట్టుకుని వెళ్ళి, జనం వెనక గోడకి ఆనుకుని నిలబడుతుంది. పాట సగంలో ఒక చెవి పత్తి తీస్తుంది. కాసేపటికి రెండోది తీస్తుంది. ఆ పత్తి గుప్పిట్లో పట్టుకుని మొత్తం వింటుంది. వాడు దిగి వచ్చేలోపు వెళ్ళిపోతుంది. ఒక్క మాటన్నా చెప్పకుండా ఎందుకు పోయిందని నేను కోపం చేశాను. “వినిందిగా అమ్మా” అన్నాడు శ్రీకృష్ణ. మొదటిసారి ఆ పత్తి తీసే చోట నా చెయ్యి దానంతటదే నా చెవి దగ్గరికి పోయింది. వాడు చూశాడు. చూసి టీవీ వైపు తిరిగాడు.

6. ఇక నిజం. 2000వ సంవత్సరం చివర్లో ఈ గది కప్పు కురిసింది. పత్తి తీతల్లో, మిరప కోతల్లో పడి నాలుగు నెలలు చెక్కపెట్టె ఎవరూ తెరవలేదు. ఉగాది వెళ్ళిన వారానికి శ్రీకృష్ణ తెరిస్తే, అన్ని క్యాసెట్లలోనూ టేపు అంచుల మీద తెల్లగా బూజు. మొహం వేలాడేశాడు. “మీరావలిని తీసుకొస్తానే, దూదీ స్పిరిటూ పెట్టి తుడుస్తాడు” అని సత్తెనపల్లి పోయాడు.

బూజు పట్టినదాన్ని ఏం చేయాలో నాకు ఏడేళ్ళ వయసు నుంచి తెలుసు. వానకి తడిసిన కాయని కుప్పగా ఉంచితే తెల్లబడి తాలు అవుతుంది. పలచగా పరిచి, ఎండ తగలనిచ్చి, మిట్టమధ్యాహ్నం ఒకసారి తిరగేస్తే చెమ్మంతా పోతుంది. నా చేతిమీదుగా వేల బస్తాలు అలా బాగుపడ్డాయి. వాడు వచ్చేసరికి చేసిపెడితే సంతోషిస్తాడనుకున్నాను. పదకొండు క్యాసెట్లూ తీసుకెళ్ళి, కల్లంలో పట్టా పరిచి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టాను. మూతలు పైకెత్తి, టేపుకి ఎండ తగిలేటట్టు పుల్లలు గుచ్చాను. ఏప్రిల్ ఎండ. పన్నెండు గంటలకి వెళ్ళి అన్నిటినీ తిరగేశాను.

మూడింటికి శ్రీకృష్ణా మీరావలీ వచ్చారు. క్యాసెట్లు అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. టేపు ముడతలు పడి మెరుస్తోంది. నేను పెట్టిన సున్నం చుక్కలు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మీరావలి ఒకటి చేతిలోకి తీసుకుని, మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాడు. శ్రీకృష్ణ కల్లంలో చతికిలపడ్డాడు. “అమ్మా, తిరగేశావా కూడానా?” అన్నాడు. తిరగేశానురా అన్నాను. నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ పూట అన్నం తినలేదు.

“ఎవరికీ చెప్పబాక అమ్మా, మా అన్నకి అసలు చెప్పబాక, జన్మంతా నవ్వుతాడు” అన్నాడు. మీరావలి దగ్గర కూడా మాట తీసుకున్నాడు. మూడో రోజు సంచీ తగిలించుకుని, “మద్రాసులో దొరుకుతాయి, ముందు నీ ఏడు చుక్కలది తెస్తా” అని బయలుదేరాడు. మిగతావి తర్వాత చూద్దామన్నాడు. తిరిగి వస్తుంటే, ఒంగోలు ఇంకా అరగంట ఉందనగా, పట్టపగలు, బస్సు ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. కోటేష్ వెళ్ళి తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. పోలీసులు ఇచ్చిన సంచీలో తువ్వాల, తువ్వాలలో చుట్టిన క్యాసెట్టు ఉన్నాయి. క్యాసెట్టు అట్టపెట్టె మూల కూడా నలగలేదు.

అది పన్నెండో క్యాసెట్టు. దానికి నేను చుక్కలు పెట్టలేదు. ఇంతవరకు డెక్కులో పెట్టలేదు.

7. శ్రీకృష్ణని దించిన రోజు వాకిట్లో ఊరంతా ఉంది. జోసఫ్ మిల్లు నుంచి పత్తి దూగర అంటిన బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. కోటేష్ వాడి చొక్కా పట్టుకుని, “నీ గిటారు తగలెయ్య, నీ దెయ్యపు పాటలు నేర్పి నా తమ్ముణ్ణి తిన్నావు గదరా! వాటికోసమే మద్రాసు పోయి చచ్చాడు గదరా!” అని చెంప మీద కొట్టాడు. రెండుసార్లు కొట్టాడు. జోసఫ్ చేయి ఎత్తలేదు. నా వైపు చూశాడు. అతనికి ఎండ సంగతి తెలియదు. పెద్దమ్మ ఒక మాట అంటుందని చూశాడు, అంతే.

నేను అనలేదు. నా కొడుకు తల దగ్గర కూర్చుని ఉన్నాను. నోట్లో మాట ఉంది. నేనే పంపాను, నా మూలంగా పోయాడు అనే మాట. అది బయటికి వస్తే కోటేష్ ఇక జన్మలో నన్ను అమ్మా అని పిలవడేమోనని మింగేశాను. ఊరంతా భయపడే గురవమ్మ ఆ రోజు నోరు మూసుకుంది.

జోసఫ్ మా వీధికి రావటం మానేశాడు. పాటలు నేర్పి కాపోళ్ళ కుర్రాణ్ణి పాడుచేశాడన్న పేరు అతనికి అంటించారు. మా ఊరి వైపు పెళ్ళిళ్ళకి గిటారు వాయించటానికి ఎవరూ పిలవటం లేదు. అయిదేళ్ళుగా నేను చేసిన పనిని అతను మోస్తున్నాడు. కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, నా కొడుకు శ్రీకృష్ణ మరణానికి జోసఫ్‌కి గాని, అతని గిటారుకి గాని, ఆ సినిమాలకి గాని ఏ సంబంధమూ లేదు. శ్రీకృష్ణ తల్లి పాడుచేసినదాన్ని తల్లి కోసమే తేవటానికి వెళ్ళాడు. ఈ మాటకి మీరావలి సాక్షి. ఈ అంశాన్ని పంచాయతీ అరుగు మీద గట్టిగా చదవాలి. మైకు పెట్టాలి.

శ్రీకృష్ణ గిటారు, కోటేష్ అటక మీద పడేసింది, జోసఫ్‌కి ఇస్తున్నాను. తీగలు తుప్పు పట్టి ఉంటాయి. కొత్తవి కోటేష్ వేయించి ఇవ్వాలి.

8. నా ఆడబిడ్డ పిచ్చమ్మకి మా చేలో ఈ ఏటి పత్తి ఒక పిడికెడు ఇవ్వాలి, ఎక్కువ వద్దు. శ్రీకృష్ణ పోయిన పదో రోజు నా ముందే కూర్చుని, “ఆ జుట్టూ ఆ అరుపులూ చూసినప్పుడే అనుకున్నా వదినా, వీడు దక్కడని” అంది. తొమ్మిదో అంశం ప్రకారం పాట మోగే రోజు ఆమె ఆ పత్తి చెవుల్లో పెట్టుకోవచ్చు. తీయాలనిపిస్తే తీయొచ్చు. తీస్తే నాకు కోపం లేదు.

9. కల్లం దొడ్డి, పెంకుల గది కోటేష్‌కే చెందాలి. దీనికి షరతు ఉంది. నా కర్మలు పూర్తయ్యాక వచ్చే శనివారం (ఆదివారం వద్దు, జోసఫ్‌కి చర్చి ఉంటుంది) కోటేష్ తను స్వయంగా పల్లెలోకి వెళ్ళి జోసఫ్‌ని పిలవాలి. మనిషిని పంపకూడదు. బండి మీద పోకూడదు, నడిచి పోవాలి. వాడు కొట్టింది పదిమంది చూశారు, పిలిచేది కూడా పదిమంది చూడాలి. జోసఫ్ రానంటే అది అతని ఇష్టం, కోటేష్ పిలిస్తే చాలు. వస్తే ఈ గదిలో కూర్చోబెట్టి, మధ్యాహ్నం మూడింటికి కరెంటు రాగానే పన్నెండో క్యాసెట్టు పెట్టి, తలుపులు తీసి ఉంచి, కల్లం అవతలిదాకా వినపడేటట్టు మోత పెంచి, ఇద్దరూ కలిసి చివరిదాకా చూడాలి. కోటేష్‌కి ఇంగ్లీషు రాదు గనక జోసఫ్ చెబుతాడు. జోసఫ్ గడప మీద కూర్చోకూడదు.

కోటేష్ ఇది చేయనంటే కల్లం, గది శ్రీరమ్యకి పోతాయి. జోసఫ్‌కి రాద్దామనుకున్నాను గాని, అతని మెడకి కోర్టు గొడవ కూడా చుట్టటం నాకు ఇష్టం లేదు.

ఒరేయ్ కోటేష్, నీకు ఒక మాట. తమ్ముడు పోయినప్పుడు ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపించింది నీకు. అది తప్పని నేననను. కొట్టాల్సిన మనిషి నీ పక్కనే కూర్చుని ఉంది, నీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇది తెలిశాక నీకు నా తలకొరివి పెట్టాలనిపించకపోతే ఎవరిచేతనైనా పెట్టించు. నాకు చెప్పే అవకాశం అయిదేళ్ళు ఉన్నా, చచ్చాక చెబుతున్నాను. నువ్వు ఏమనుకున్నా నేను వినలేను కాబట్టి ఇలా చేశాను. అది కూడా పిరికితనమే.

10. పాడైపోయిన పదకొండు క్యాసెట్లని సాగరు కాలువలో పడేశానని కోటేష్‌కి చెప్పాను. అబద్ధం. మిరపకాయల గోతాంలో కుట్టి, ఈ మంచం కింద పెట్టాను. వాటిని తగలబెట్టకూడదు, నాతో పంపకూడదు. ఇక్కడే గూట్లో వరసగా పెట్టాలి. ఎలా వంగాయో వచ్చినవాళ్ళందరికీ కనపడాలి.

11. ఈ వీలునామాని అమలు జరపటానికి షేక్ మీరావలిని నియమిస్తున్నాను. అయిదేళ్ళు ఒక మాట దాచినవాడు ఒక కాగితం దాచలేడా. ఇవాళ్టితో ఆ మాట నుంచి అతన్ని విడుదల చేస్తున్నాను. టీవీ, డెక్కు కూడా అతనికే, తొమ్మిదో అంశం జరిగిన తర్వాత.

12. చివరగా చేర్చించినది. మూర్తిగారు పైన రాసినదంతా చదివి వినిపించారు. ఆరో అంశం దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాను, మళ్ళీ చదివారు. మార్చవలసింది ఏమీ లేదు. అప్పుడు, డెక్కు పనిచేస్తుందో లేదో చూడమని, నేను కబురు పెడితే వచ్చి కూర్చున్న మీరావలికి చెప్పి, ధాన్యం కుండలో తువ్వాలతో సహా దాచిన పన్నెండో క్యాసెట్టు తీసి ఇచ్చాను. అయిదేళ్ళలో దాన్ని బయటికి తీయటం ఇదే. వాడు మూత ఎత్తి చూసి, గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు. ఏంటిరా అన్నాను.

“అంచున కొంచెం తెల్లగా ఉందమ్మా” అన్నాడు.

కాబట్టి రాయించునది. పన్నెండో క్యాసెట్టుకి పట్టిన బూజుని మీరావలి తన చేత్తో, దూదితో, స్పిరిటుతో, జానెడు జానెడు చొప్పున తుడవాలి. నెల పట్టినా, ఆరు నెలలు పట్టినా తొందరపెట్టకూడదు. ఆ టేపు బాగుపడేదాకా తొమ్మిదో అంశంలోని శనివారం ఆగుతుంది, కల్లం ఎవరికీ చెందదు. ఎంత తుడిచినా బాగుపడకపోతే, కోటేష్‌ని, జోసఫ్‌ని పక్కపక్కన కూర్చోబెట్టి అయిదో అంశంలోని ఏడు చుక్కల కథ చదివి వినిపించాలి, దానితో సరి. ఈలోగా దాన్ని నా మనవరాలు ముట్టుకోవచ్చు, జోసఫ్ ముట్టుకోవచ్చు, కోటేష్ ముట్టుకోవచ్చు.

ఎవరు ముట్టుకున్నా నీడనే ఉంచాలి. ఎండలో పెట్టకూడదు.

ఇది నా ఇష్టపూర్వకంగా చెప్పి, విని, సరేనని వేసిన వేలిముద్ర. కాయ ఏరి ఏరి బొటనవేలి గీతలు అరిగిపోయినందున మూడుసార్లు వేయవలసి వచ్చినది. మూడూ నావే.

కొమ్మెరపాడు,
2006 ఫిబ్రవరి 17.

తాళ్ళూరి గురవమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర (మూడు)

సాక్షులు:
1. షేక్ పీరు, పత్తి కాటా గుమాస్తా, కొమ్మెరపాడు (సంతకం)
2. రామకాంత్, ఎలిమెంటరీ స్కూలు ఉపాధ్యాయుడు, కొమ్మెరపాడు (సంతకం)

దస్తూరి: రాధాకృష్ణమూర్తి, సత్తెనపల్లి. అయిదో అంశంలో నాకు రాసినది అందుకున్నాను.